మిరియపు గింజ సాక్షిగా

కూరగాయల బండి గేటు ముందు ఆగింది. బండివాడు నోరు మెదపకుండా నిలబడ్డాడు. కేకలేసి అమ్మే కాలం ఎప్పుడో పోయింది. కేక వేస్తే అందులో ఓ మాట ఉంటుంది, మాట ఉంటే దీపం వెలుగుతుంది. ఎందుకొచ్చిన గొడవ?

"వంకాయలు లేతవేనా?" అంది చార్విత.

"లేతవని నేననలేదండి. మీరే చూసుకోండి మరి."

"రేపు గోంగూర తెస్తావా?"

అతను మెడలో ఉన్న బిళ్ళని వేలితో తాకాడు. "మాటవరసకి అంటున్నానండీ. తేవచ్చు, తేకపోవచ్చు."

అతని బిళ్ళ బూడిదరంగులో వెలిగి ఆరింది. చార్విత చెవిలోని పూస మెల్లిగా పలికింది: "ఎదుటివారు వ్యాపారి. ఈ మాట కట్టదు."

ఆ బిళ్ళ పేరు మాటదీపం. అది వచ్చి ఇరవై ఆరేళ్ళయింది. పద్దెనిమిదేళ్ళు నిండిన ప్రతి మనిషి గొంతు దగ్గరా ఒకటి ఉంటుంది. నువ్వు మాట్లాడే ప్రతి మాటా వింటుంది. ఎదుటివాడు నీకేమవుతాడో, అతని మాట కడుతుందో లేదో చెవిపూస చెబుతుంది. కట్టే మాటకి ఎరుపు, కట్టనిదానికి బూడిద. ఎర్రగా వెలిగిన మాట తప్పావో, నీ దీపం నల్లబడుతుంది. నల్లదీపం వాడికి రాజమండ్రిలో ఎవడూ ఇల్లు ఇవ్వడు, పని ఇవ్వడు, పడవ కూడా ఎక్కనివ్వడు. దెబ్బకి దేశంలో మోసాలు తగ్గాయి. మోసాలతోపాటు ఇంకా చాలా తగ్గాయి, అవి ఎవరూ లెక్కపెట్టలేదు. చావింటికి వెళ్ళినవాళ్ళు "మేమున్నాం, ఏం కావాలన్నా అడుగు" అనడం మానేశారు. అన్నా ముందు బిళ్ళ తాకి అంటారు. ఏడుస్తున్న మనిషి ఆ బూడిద వెలుగు చూస్తూ తల ఊపాలి!

ఆ దీపానికి న్యాయం నేర్పిన ఐదుగురిలో చార్విత భర్త హవీష్ మాస్టారు ఒకరు. లా కాలేజీలో ముప్ఫై మూడేళ్ళు కాంట్రాక్టు చట్టం చెప్పాడు. ఒకరు ప్రతిపాదించాలి, రెండోవారు ఒప్పుకోవాలి, అటూ ఇటూ ఏదో ఒకటి చేతులు మారాలి, కట్టుబడాలన్న ఉద్దేశం ఇద్దరికీ ఉండాలి. ఈ నాలుగూ కుదిరితే ఎరుపు. రెండువందల ఏళ్ళనాటి ఇంగ్లీషు తీర్పులన్నీ ఆయన ఆ దీపానికి పోసిన నూనె. మొగుడూ పెళ్ళాల మధ్య, తల్లీ బిడ్డల మధ్య ఏ మాటా ఎర్రబడకూడదని పట్టుబట్టింది కూడా ఆయనే. ఇంట్లోకి కోర్టు రాకూడదన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు, శాలువా కప్పారు.

ఇంట్లోకి కోర్టు రాలేదు నిజమే. కానీ దీపం పుట్టిన దగ్గర్నుంచీ ఎర్రమాటే నిజమని నమ్మిన మనుషులకి, ఇంట్లో ప్రతి మాటా బూడిదరంగులోనే కనిపించేది. ఆ సంగతి శాలువా కప్పినవాళ్ళకి తట్టలేదు.

ఆ రోజు చార్విత వంటింట్లో వంకాయలు తరుగుతూ, ముందు మాటేమీ లేకుండా అడిగింది.

"నన్ను ఆశ్రయానికి పంపవు కదా?"

నలభై రోజుల క్రితం డాక్టరు చెప్పాడు. మతిమరపు జబ్బు మొదలైంది, రెండు మూడేళ్ళలో మనుషులు గుర్తుండరు అని. ఆమె అప్పుడు ఏడవలేదు. ఈ ప్రశ్న నలభై రోజులు నాన్చి నాన్చి ఇప్పుడడిగింది. వాళ్ళకి పిల్లలు లేరు. ఉన్నది ఒకరికి ఒకరు.

"ఛ, ఏం మాటది? ఊపిరున్నంత వరకూ ఈ ఇంట్లోనే ఉంటావు. నేనే చూసుకుంటా," అన్నాడు హవీష్.

బిళ్ళ బూడిదరంగులో వెలిగింది. చార్విత కత్తిపీట ఆపి ఆ వెలుగు ఆరేదాకా చూసింది.

"మీ అమ్మకీ ఇదే చెప్పావు."

హవీష్‌కి ఆ రోజు గుర్తొచ్చింది. నిజమే. అమ్మకి అచ్చం ఇవే మాటలు చెప్పాడు. ఐదు నెలలు చూశాడు. ఒకరోజు ఆవిడ పొయ్యి మీద ఖాళీ గిన్నె పెట్టి మరిచిపోతే భయపడి, మతిమరపు వాళ్ళని ఉంచే ఆశ్రయానికి పంపించాడు. అక్కడి అద్దె ఆయాలు ఆవిణ్ణి నంబరుతో పిలిచేవారు. ఆవిడ అక్కడే పోయింది.

"అమ్మ సంగతి వేరే," అన్నాడు చివరికి.

"ఏం వేరే? ఆవిడకీ బూడిదే, నాకూ బూడిదే." ఆమె గొంతు పెరిగింది. "నీ పాఠాలు ముప్ఫై ఏళ్ళు అన్నంతోపాటు తిన్నాను హవీష్. ఆ సిలోను ఇంజనీరు ఉన్నాడు చూడు, పెళ్ళాన్ని ఇంగ్లండులో వదిలి, నెలనెలా ఇంత పంపుతానని చెప్పి ఎగ్గొట్టాడు. కోర్టేమంది? అది ఇంటి మాట, ఒప్పందం కాదంది. ఆ బాల్ఫర్‌గాణ్ణి తెచ్చి నా మెడకి కట్టిందెవరు? నువ్వు కాదూ?"

కేసులన్నీ ఆమెకి అలాగే తెలుసు, ఇరుగుపొరుగు కబుర్లలాగా. జలుబు రానివ్వదని అమ్మిన పొగఉండ వాడినా జలుబొచ్చిన ఆవిడా, జవాబు రాయకపోతే నీ గుర్రం నాదే అన్న మావయ్యా అందరూ ఆమెకి చుట్టాలే. ఆ మావయ్య మీదైతే ఆమెకి చచ్చేంత కోపం.

"నాకు ఎరుపు కావాలి," అంది. "నేనంతా మరిచిపోయాక నాకు మిగిలేది ఈ బిళ్ళే. దాన్లో నీ మాట ఎర్రగా ఉండాలి."

మాస్టారికి అహం దెబ్బతింది, ప్రేమ కూడా పొంగింది. రెండూ కలిస్తే మనిషి తెలివితక్కువ పనులు ఎంత తెలివిగా చేస్తాడో చెప్పలేం. ఆయన లేచి వంటింట్లో అటూ ఇటూ తిరిగాడు, క్లాసులో తిరిగినట్టు.

"మెరిట్ కేసు!" అన్నాడు.

"కార్లో కాగితం రాసిచ్చిన ఆయనేగా?"

"ఆయనే. అప్పటికే మొగుడూ పెళ్ళాం విడిపోయారు కాబట్టి ఆ కాగితం కట్టింది. మనం కూడా విడిపోయినట్టు కచేరీలో రాయిద్దాం. పేరుకే! ఆ మర్నాడు నేను మాటిస్తే ఎరుపు రాక ఏం చేస్తుంది?"

చార్విత చాలా రోజుల తర్వాత పకపకా నవ్వింది. "మాట కట్టాలంటే మొగుడు పరాయివాడైపోవాలా? భలే చట్టం రాశారయ్యా!"

వారం తర్వాత ఇద్దరూ, ఎవరికెవరు ఏమవుతారో పట్టికలో రాసే మాటల కచేరీకి వెళ్ళారు. అక్కడి అధికారి మంగతాయారు మాస్టారి పాత విద్యార్థిని. ఆ తరంలో మళ్ళీ ముత్తవ్వల పేర్లు పెట్టడం ఫ్యాషను. ఆమె కాగితం చదివి కళ్ళజోడు తీసేసింది.

"మాస్టారూ, ఒక్కసారి ఆలోచించుకోండి. విడిపోయారని రాస్తే పట్టిక అంతా మారిపోతుంది. దీపం మిమ్మల్ని పాత వరసతో పలకదు."

"పలక్కపోతే పోనీ అమ్మా. మేము పలుకుతాంగా," అన్నాడాయన, క్లాసులో అడ్డొచ్చిన పిల్లని కూర్చోబెట్టినట్టు.

మర్నాడు అదే బల్ల ముందు ఆయన మాటిచ్చాడు: చార్విత బతికున్నంత కాలం ఆమెని ఆమె ఇంట్లోనే ఉంచి తానే చూసుకుంటానని. బదులుగా ఆమె ఏదో ఒకటి ఇవ్వాలి. ఎంత చిన్నదైనా ఫర్వాలేదు, మిరియపు గింజైనా చాలని ఇంగ్లీషు జడ్జీలే అన్నారు. చార్విత పోపుల డబ్బాలోంచి నిజంగానే ఒక మిరియపు గింజ తెచ్చింది. చీర కొంగున ముడివేసి మరీ తెచ్చింది. విప్పి ఆయన అరచేతిలో పెట్టింది.

రెండు దీపాలూ ఎర్రగా వెలిగాయి. చార్విత కళ్ళు తుడుచుకుంది. దారిలో ఇద్దరూ చెరో రోజ్ మిల్కు తాగారు. విడిపోయిన మొగుడూ పెళ్ళాలు ఇలా ఊరేగుతారా అని ఆమె ఆటపట్టించింది. వాళ్ళ ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో అంత సంతోషంగా నడిచిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

రెండేళ్ళు బాగానే గడిచాయి. తాళంచెవులు పోయాయి, ఆ తర్వాత వారాల పేర్లు పోయాయి. ఒక పొద్దున హవీష్ కాఫీ తెచ్చిస్తే ఆమె గభాలున లేచి కూర్చుని పైట సర్దుకుంది.

"ఎవరండీ మీరు?"

ముప్ఫై ఆరేళ్ళుగా "ఒరేయ్ హవీష్" అని పిలిచిన మనిషి. ఆ 'అండీ' ఆయనకి ఎక్కడో గుచ్చుకుంది. సమాధానం చెప్పేలోపే ఆమె చెవిపూస చెప్పింది. మతిమరపు రోగులకి అది అడగకుండానే చెప్పేలా డాక్టరే సరిచేశాడు. పూస చెప్పింది ఆయనకీ వినబడింది.

"ఎదుటివారు మీ ఒప్పందదారు. మిమ్మల్ని చూసుకోవడానికి కట్టుబడ్డారు."

"ఓహో, చూసుకోవడానికి వచ్చారా," అంది ఆమె. "అక్కడ పెట్టండి."

"చార్వీ, నేనే. నీ మొగుణ్ణి."

"ఎదుటివారి మాట పట్టికతో సరిపోవడం లేదు. జాగ్రత్త," అంది పూస.

ఆమె మొహం పాలిపోయింది. గోడ వైపు జరిగింది. హవీష్ గది బయటికొచ్చాడు.

ఆ రోజునుంచి ఆమె ఆయన చేత స్నానానికి నీళ్ళు పెట్టించుకుంటుందే గానీ తలుపు గడియ వేసుకుంటుంది. ఆయన కలిపిన ముద్ద తినదు. ఆయన పక్కగదిలో పడుకోవాలి. ఒకసారి ఆమె బిళ్ళ తీసి దాచాడు. ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది, వీధి వీధంతా వచ్చింది. పాపం, ఉన్న ఒక్క జ్ఞాపకాన్నీ లాక్కుంటే అరవదూ!

హవీష్ పరుగెత్తుకుంటూ కచేరీకి వెళ్ళాడు.

"నా పేరు పక్కన భర్త అని రాయమ్మా. అంతే. ఒక్క ముక్క."

మంగతాయారు తల దించుకుంది. "ఇద్దరూ ఒప్పుకుంటేనే రాయగలను మాస్టారూ. ఆవిడ ఇప్పుడు ఊ అంటే మామూలు మాటకి చాలుతుంది గానీ, వరస మార్చడానికి అది ఒప్పుకోలు కింద రాదు."

"మరి పాత వరసైనా చెప్పమను. ఒకప్పటి భర్త అని!"

"విడిపోయినా దీపం ఆ మొగుడి పేరే చెబుతోందని ఎందరో ఆడవాళ్ళు పోరాడి తెచ్చుకున్న నియమమండీ అది. దాన్ని మీకోసం ఎలా తీసేయను?"

"మేము నిజంగా విడిపోలేదే! పేరుకి రాయించాం. నీకు తెలుసు కదా!"

"నాకు తెలుసు." ఆమె కళ్ళు చెమర్చాయి. "కానీ మనసులో ఏముందని కాదు, పైకి ఏమన్నారన్నదే చూడాలని చెప్పింది మీరే మాస్టారూ. ఆ ఓట్స్ గింజల కేసు, రెండో సంవత్సరంలో. పరీక్షలో అడిగారు కూడా. నాకు పద్దెనిమిది మార్కులు వేశారు."

ఆయన ఇంటికి వస్తూ దారంతా తనని తానే తిట్టుకున్నాడు. ఊళ్ళో ఎవరికీ రాని ఉపాయం, ఒక్క కాంట్రాక్టు మాస్టారికే వచ్చింది.

కానీ మాట తప్పలేదు. దీపానికి భయపడి కాదు. అన్నం వండాడు, చీరలు ఉతికాడు, జడ వేయనిస్తే జడ వేశాడు. అప్పుడు ఆమె ముక్కుసూటిగా అద్దంలోకే చూస్తూ కూర్చునేది, పరాయి మగవాడి చేతులు తలకి తగులుతున్నందుకు బిగుసుకుపోయి.

కార్తీకంలో ఒక సాయంత్రం ఆమె కాస్త తేటగా ఉంది. వసారాలో కూర్చుని ఆయన్ని దగ్గరికి పిలిచింది.

"ఏవండీ, మిమ్మల్నొకటి అడగనా? ఏమనుకోరు కదా?"

"అడగండి." ఈ మధ్య ఆయన కూడా ఆమెని మీరు అంటున్నాడు. అలా అంటేనే భయపడదు.

"ఇది ఆశ్రయమే కదూ?"

"కాదండీ. మీ ఇల్లు. మీ ఇల్లేనండి ఇది. అదిగో మీ పోపుల డబ్బా, మీ కత్తిపీట."

"ఇల్లయితే మా ఆయన ఏడీ?"

ఆయన నోరు తెరిచాడు. పూస ఏమంటుందో గుర్తొచ్చి మూసుకున్నాడు.

"మీరు మొహమాటపడకండి, నాకు తెలుసులెండి," అంది ఆమె, ఆయన్నే ఓదారుస్తున్నట్టు. "ఇంట్లో అయితే కట్టుబడినవాళ్ళెందుకు చూసుకుంటారు? మా ఆయన లా మాస్టారు. నన్ను పంపనని చెప్పాడు. ఏదో తిరకాసు చేసి ఇక్కడ పడేశాడు. వాళ్ళమ్మనీ ఇంతే చేశాడు."

"లేదు చార్వీ..."

"మీరు ఆయన తరఫున మాట్లాడకండి!" అని గద్దించింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నేనేం పాపం చేశానని? ఒక్కసారైనా చూడ్డానికి రాలేదు."

గోదావరి మీదినుంచి చలిగాలి వచ్చింది. ఆయన శాలువా తెచ్చి ఆమె భుజాల మీద కప్పాడు. దీపానికి న్యాయం నేర్పినందుకు ఇచ్చిన శాలువానే అది.

"మీరు మంచివారు," అందామె. "మీరు కూడా వెళ్ళిపోరు కదా?"

"వెళ్ళను."

"ఉత్తినే అనిపించుకోవడం నాకిష్టం లేదు, ఉండండి." ఆమె లేచి గోడ పట్టుకుంటూ వంటింట్లోకి వెళ్ళింది. మొగుణ్ణి మరిచిపోయిన చేతులు పోపుల డబ్బాలో మిరియాల గిన్నె మాత్రం తడుముకోకుండా అందుకున్నాయి. ఒక గింజ తెచ్చి ఆయన అరచేతిలో పెట్టింది. "ఇప్పుడు చెప్పండి."

"నేను మిమ్మల్ని వదిలి వెళ్ళను," అన్నాడు హవీష్.

రెండు దీపాలూ ఎర్రగా వెలిగాయి. ఆమె ఆ వెలుగుకేసి చూసి హమ్మయ్య అనుకుని, మొదటిసారి ఆయన పక్కన కాస్త దగ్గరగా కూర్చుంది.

"పరాయివారైనా మీరే నయమండీ," అంది. "మా ఆయన మాట ఒక్కనాడూ ఇలా వెలగలేదు."