‘అస్పష్టం’ అని ముద్ర పడ్డ మనిషి

మారీస్‌కు తుపాకీ అంటే భయం లేదు. ప్రాణం మీదికొచ్చిందని మనిషి విప్పి చెప్పినా, విన్నవాళ్లు లేచి వెళ్లి చూడకపోవడమే ఆమెకున్న పెద్ద భయం.

ఆమె పనిచేసే మాంట్రియల్ సీక్రెట్ సర్వీస్ ఆఫీసులో ఆ ఉదయం అదే జరిగింది. రేవులో విదేశీ ముఠా గుట్టు లాగుతున్న ఇన్‌ఫార్మర్, క్రేన్ ఆపరేటర్ ఫెర్నాండ్ మెసేజ్ పెట్టాడు: "ఇంటి ఎదుట బూడిదరంగు వ్యాన్. ఇద్దరున్నారు. దిగరు, పోరు."

డెస్క్ చీఫ్ సోలాంజ్ ఎర్రటి గోళ్లతో కీబోర్డు మీద ఒక్క మాట కొట్టింది: అస్పష్టం. ఆ ముద్ర పడితే టీమ్ కదలదు. ఆఫీసు రూలు.

"ఇందులో అస్పష్టం ఏముంది మేడమ్?"

"ఎవరు వాళ్లు? ఎందుకొచ్చారు? తెలీదుగా. కాఫీ తాగు, బంగారం."

"మనకు తెలీకపోతే ఆయన చెప్పింది అస్పష్టం ఎలా అవుతుంది? రంగు చెప్పాడు, ఎందరో చెప్పాడు. ‘ఏదో తేడాగా ఉంది’ అని ఊరుకుంటే అప్పుడు వాడండి ఆ మాట."

"నాకే డిక్షనరీ పాఠాలా!" సోలాంజ్ నవ్వింది.

మారీస్‌కు నవ్వు రాలేదు. ఇంతకుముందు ఇద్దరు ఇన్‌ఫార్మర్లు, ల్యూక్ మెసేజ్ మీద, అనైస్ మెసేజ్ మీద ఇదే ముద్ర కొట్టింది ఈ వేళ్లే. ఇద్దరూ అన్నీ వివరంగా రాశారు. ఇద్దరి శవాలూ నదిలో తేలాయి. అంటే ఇది కోడ్‌వర్డ్. ఎవరూ రారు, కానివ్వండి అని హంతకులకు కబురు.

టీమ్ లేదు. మారీస్ నారింజరంగు కోటు తొడుక్కుని కార్లు లాక్కెళ్లే తమ్ముడి టో ట్రక్ ఎక్కింది. ఫెర్నాండ్ వీధి మలుపులో, మంచు ఎత్తేముందు ‘కార్లు తీయండి, లేదంటే లాక్కుపోతాం’ అని హెచ్చరించే సైరన్ నొక్కింది.

"ఆగవమ్మా, తీస్తున్నా!"

"నా కారు ముట్టుకున్నావో చూడు!"

పైజామాల మీద కోట్లు లాక్కుని, కారు తాళాలతో వీధి వీధంతా బయటపడింది. కదలనిది బూడిదరంగు వ్యాన్ ఒక్కటే. మారీస్ హుక్ తగిలించి ముందు చక్రాలు గాల్లోకి లేపింది.

"సైరన్ వినపడలేదా, చెవుడా?" స్టీరింగ్ పట్టుకుని బిక్కచచ్చినవాడి చుట్టూ జనం మూగారు.

రెండోవాడు అప్పటికే ఫెర్నాండ్ ఇంటి బయటిమెట్లెక్కి పైన ఉన్నాడు. తెరుచుకుంటున్న తలుపు సందుకు సైలెన్సర్ తుపాకీ ఆనించాడు. కింద అన్ని కళ్లు చూసి వాడి వేలు తటపటాయించింది. ఆ క్షణం చాలు. మెట్లెక్కి వచ్చిన మారీస్ తుపాకీ వాడి వీపును తాకింది.

"పడేసి దిగు."

సాయంత్రం సోలాంజ్‌కు బేడీలు పడ్డాయి. "నా మీద ఆధారం ఏముందే?"

"అస్పష్టం మేడమ్. అయినా మీ కోసం టీమ్‌ను పంపాం."

ఫెర్నాండ్ బతికాడు. ఎలా ఉన్నావంటే మాత్రం "ఏదోలే, అలా ఉన్నాను" అంటాడు. అసలైన అస్పష్టం అది. మీవాళ్లలో అలా అన్నవాళ్లు ఎవరైనా ఉంటే, దయచేసి ఇవాళే వెళ్లి తలుపు తట్టి చూసిరండి.