శాంపిల్ ఫ్లాట్‌లో పొడుగువాడు

హైవే అవతల, ఆవచేల మధ్య ఉన్న ఆ శాంపిల్ ఫ్లాట్ పేరెత్తితే మా కాలనీలో ఆటోవాళ్లు కూడా చీకటి పడ్డాక రామంటారు. పగలంతా సూటు వేసుకున్న కుర్రాళ్లు ఇళ్లు కొనేవాళ్లకి దాన్ని తిప్పి తిప్పి చూపిస్తారు. రాత్రి తాళం పడుతుంది. అయినా తెల్లారేసరికి పడగ్గదిలో దుప్పటి నలిగి ఉంటుందట... ఎవరో పడుకుని లేచినట్టు.

ఇదంతా నాకెలా తెలుసంటారా? దెయ్యాన్ని చూసొచ్చినవాడు నా అద్దెవాడే మరి. నరోత్తమ్ అని, ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో గుమాస్తా. పెళ్లాం కుసుమ్. మా మేడమీది గదిలో ఉంటూ, "వచ్చే దీపావళి మా సొంతింట్లోనే చాచీ" అని ఆరేళ్లుగా చెబుతున్నారు. నేనూ ఆరేళ్లుగా నవ్వుతూనే ఉన్నాను.

ఈసారి మాత్రం ఆ శాంపిల్ చూసి అక్కడే ఒక ఫ్లాటుకి టోకెన్ కట్టారు, నిజంగానే బ్యాంకు లోను ఇస్తానంది. ముందు కట్టాల్సిన సొమ్ము కోసం కుసుమ్ మెడలోవి, చేతులవి అన్నీ అమ్మేసింది. మర్నాడు వెళ్లి చెక్కు ఇచ్చి, సంతకాలు పెట్టడమే తరువాయి. ఆ పూట కుసుమ్‌కో బెంగ పట్టుకుంది. పుట్టింటివాళ్లిచ్చిన టేకు మంచం ఆ పడగ్గదిలో పడుతుందా, పట్టదా? పగలు కొలుద్దామంటే ఆ సూటు కుర్రాళ్లు కూల్‌డ్రింకు చేతిలో పెట్టి, కబుర్లు చెప్పి బయటికి నడిపించేస్తారు.

"డ్యూటీ నుంచి వస్తూ నేను కొలుచుకొస్తాలే," అన్నాడు నరోత్తమ్.

పుష్యమాసపు పొగమంచు. చేయి చాపితే చేయి కనబడదు. వాచ్‌మన్‌కి బీడీకట్ట ఇస్తే తలుపు తీశాడు గానీ, తాను లోపలికి రానన్నాడు. "తొందరగా వచ్చెయ్ భయ్యా," అని గొణిగి చలిమంట దగ్గరికి వెళ్లిపోయాడు.

లోపల గదులకి తలుపుల్లేవు. నరోత్తమ్ ఫోను లైటు వేసుకుని ఒక్కో అడుగే వేశాడు. సోఫా... అద్దాల గోడ... భోజనాల బల్ల మీద ప్లాస్టిక్ యాపిల్ పళ్లు. ఎక్కడో ఊపిరి తీస్తున్న చప్పుడు. తనదే అనుకున్నాడు. ఆగి, ఊపిరి బిగబట్టాడు —

చప్పుడు ఆగలేదు.

పడగ్గదిలోకి లైటు తిప్పాడు. మంచం మీద ఎవరో నిండా ముసుగేసుకుని ఉన్నారు. తల దిండు మీద ఉంది. కాళ్లు మాత్రం... మంచం అయిపోయినా కాళ్లు అయిపోలేదు. పాదాలు, మడమలు, ఆ పైన పిక్కలు కూడా మంచం చివర గాలిలో వేలాడుతున్నాయి. అంత పొడుగు మనిషి భూమ్మీద ఉండడు.

కాలివేళ్లు కదిలాయి. ముసుగులోంచి గుసగుసగా మాట వచ్చింది.

"చెక్కు... ఇచ్చేశావా?"

ఇక నరోత్తమ్ చెప్పు వదిలేసి పరుగు. మా గేటు దగ్గర కూలబడ్డాక గానీ నోట మాట రాలేదు. నేను ఉప్పు దిగదుడిచాను. కుసుమ్ ఏడుస్తూ, "ఆ ఇల్లు మనకొద్దండీ. టోకెన్ డబ్బు పోతే పోయింది, ప్రాణాలు దక్కాయి," అంది. నేనూ వద్దనే అన్నాను. నా అద్దె పోతుందనే అన్నాననుకోండి, అయినా అన్నాను కదా.

మర్నాడు ఇద్దరూ ఆ మాట చెప్పేద్దామని వెళ్లారు. అక్కడి ఆఫీసరు నిగమ్ సాబ్ కోప్పడలేదు. మొత్తం విని, కడుపు పట్టుకుని నవ్వి, "ఒరేయ్ ఛోటూ, టీ పట్రా," అని కేకేశాడు.

టీ పళ్లెంతో ఒక మనిషి వచ్చాడు. నెరిసిన జుట్టు, నరోత్తమ్ భుజం దాటని ఎత్తు.

"ఇదిగో మీ రాక్షసుడు. దిక్కులేనివాడని ఒక తాళంచెవి ఇచ్చి, వాచ్‌మన్‌కి కూడా తెలియకుండా రాత్రిళ్లు పడుకోనిస్తున్నాం. బుర్ర కాస్త తిరుగుడు, ఏదేదో వాగుతాడు. భాభీజీ, మీ ఆయన వీణ్ణి చూసేనా చెప్పు వదిలేసి పారిపోయింది?"

ఆఫీసంతా గొల్లుమంది. కుసుమ్ కూడా నవ్వేసింది, పాపం. నవ్వులపాలైన మగాడు ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెడతాడు. నరోత్తమ్ పెట్టాడు. చెక్కూ ఇచ్చాడు. ఆ పొట్టివాడు టీ గ్లాసులు ఏరుకుంటూ చెక్కు వైపు ఒకసారి చూసి, తల దించుకుని వెళ్లిపోయాడట.

ఆ రాత్రి ఇంటికొచ్చి మిఠాయి పంచారు. నేనూ రెండు లడ్డూలు తిన్నాను. అర్ధరాత్రి కుసుమ్ దిగ్గున లేచి కూర్చుని మొగుణ్ణి కుదిపింది.

"ఏవండీ... ఆ మనిషి మీ భుజం దాకానే ఉన్నాడు. మరి అతని కాళ్లే బయటికొచ్చాయంటే... ఆ మంచమెంత?"

ఇక ఇద్దరికీ నిద్ర లేదు.

తెల్లవారకుండానే వెళ్లి కొలిచారు. మంచం మామూలుకన్నా మూరన్నర తక్కువ. సోఫా, బల్ల, బీరువా... అన్నీ గది పెద్దగా కనబడాలని కురచగా చేయించినవే. ఛోటూ ఒక పక్కన నిలబడి దుప్పటి మడత పెడుతున్నాడు.

"తెలిసి కూడా చెప్పలేదేం?" అన్నాడు నరోత్తమ్.

"చెబుదామనే కదా బాబూ, చెక్కు ఇచ్చావా అని అడిగాను. నువ్వు పారిపోయావు. పగలు నోరు తెరిస్తే రాత్రి ఈ పడక కూడా ఉండదు నాకు."

కుసుమ్ అతని చేతిలోని దుప్పటి వైపు చూసింది. "మీకు ఇల్లు లేదా భయ్యా?"

"ఎందుకు లేదమ్మా! తొమ్మిదేళ్ల కింద ఇక్కడే కొన్నాను. లోను ఇంకా కడుతున్నాను." దుప్పటి మంచం మీద పెట్టి, చుట్టూ చూశాడు. "మా అందరి డబ్బుతో వీళ్లు కట్టింది ఇదొక్కటే."