ఆప్త వసూలు

భర్త తరుణ్ పోయిన రోజున లాస్య వాక్యశాలలో ఒక పరామర్శ దిద్దుతోంది. యంత్రం రాసి పంపిన వాక్యం "మీకు కలిగిన నష్టానికి చింతిస్తున్నాను" అని ఉంది. తూర్పుతీరంలో ఎవరూ ఎవరి గడపలోనూ అలా మాట్లాడరు. ఆమె దాన్ని కొట్టేసి "ఏం చెప్పను, నోట మాట రావట్లేదు" అని రాసింది. వాక్యం పక్కనున్న నమ్మిక సూచి కొంచెం పైకి లేచింది. అప్పుడే ఆస్పత్రినుంచి పిలుపు వచ్చింది. గుండె ఆగిందనీ, ఎంత ప్రయత్నించినా మళ్ళీ కొట్టుకోలేదనీ చెప్పారు. లాస్య సరేనంది. వాక్యం ఇంకా తెరమీదే ఉంది. దాన్ని విడుదల చేసి, వాక్యాలు వినిపించే చెవిపూస తీసి సొరుగులో పెట్టి, లేచి వెళ్ళింది. ఆ రోజు గురించి ఆమెకి అన్నిటికన్నా బాగా గుర్తున్నది అదే. ముందు వాక్యం పూర్తిచేసింది, తర్వాత లేచింది.

పెద్దకర్మ అయ్యాక మళ్ళీ పనిలోకి వచ్చింది. వాక్యశాల కాకినాడ కడలిగోడకి లోపలివైపు, పాత రేవు గోదాముల వరసలో ఉంది. యంత్రం రాసిన మాటల్లో మనిషి ఊపిరి పొయ్యడం అక్కడి పని. ప్రతి వాక్యం పైనా నాలుగు మాటల ఆనవాలు ఉంటుంది: ఓదార్పు, ఆడగొంతు, దగ్గరి చుట్టం, భోజనవేళ. పిలుపు ఉండాల్సిన చోట వరసఖాళీ ఉంటుంది. వదినా, బావా, పిన్నీ, వినేవాళ్ళు ఏ వరస అయితే ఆ పిలుపు అందులో తర్వాత పడుతుంది. ఎక్కడ ఆగాలో విరామపు గుర్తు కూడా దిద్దేవాళ్ళే పెట్టాలి. ఆ వాక్యం ఎవరి చెవిలో పడి ఎవరి నోట బయటికొస్తుందో వాక్యశాలకి చెప్పరు. పెళ్ళిచూపుల్లో, చావు ఇళ్ళలో మాట తోచనివాళ్ళు నెలకింత కట్టి చెవిపూసలోకి మాటలు తెప్పించుకుంటారని లోకంలో అందరికీ తెలుసు. తన వాక్యాలు అలాంటివాళ్ళకే వెళ్తాయని లాస్య అనుకునేది. నోరు లేనివాళ్ళకి నోరు ఇస్తున్నానన్న తృప్తి కూడా కొంత ఉండేది.

తిరిగి వచ్చిన కొత్తలో ఒక ఓదార్పు ఆమె దగ్గరికి వచ్చింది. దుఃఖంలో ఉన్న మనిషిచేత అన్నం తినిపించాలి. ఎంతసేపు కూర్చున్నా మాట కుదరలేదు. చివరికి తరుణ్ మాట ఒకటి గుర్తొచ్చింది. ఎవరు కొంప మునిగే కబురు తెచ్చినా సరే, కంచం ముందున్నప్పుడు అతను "చెయ్యి కడుక్కున్నాక చూద్దాం" అనేవాడు. కబురు తెచ్చినవాడికీ ఒక ముద్ద పెట్టేవాడు. ఆ మాట తీసుకుని, అందరికీ సరిపడాలని ముందు ఇంకో మాట చేర్చింది. "పెరుగన్నం కూడా తిను. ఏదైనా చెయ్యి కడుక్కున్నాక చూద్దాం." మధ్యలో చిన్న విరామం పెట్టింది. సూచి తొంభై దగ్గరికి వెళ్ళింది. మొగుడి మాట అమ్ముకున్నానా అని ఆ సాయంత్రం ఒకసారి అనిపించింది. ఎవరో ఒకరు నాలుగు మెతుకులు తింటారులే అని సర్దిచెప్పుకుంది.

బాకీ వాళ్ళ పెళ్ళికి ముందుది. తరుణ్ బ్యాటరీల కొట్టు పెట్టినప్పుడు ఒక క్రెడిట్ కార్డు తీసుకున్నాడు. ఉప్పెనలో కొట్టు పోయింది, కార్డు మీద వాడిన సొమ్ము బాకీగా మిగిలింది. అసలు ఇచ్చిన బ్యాంకు ఇప్పుడు లేదు. అది ఆ బాకీని ఇంకొకరికి అమ్మింది, వాళ్ళు ఇంకొకరికి. కొన్నవాళ్ళు మారినప్పుడల్లా వడ్డీ పెరిగేది, పిలిచేవాళ్ళ గొంతు మారేది. పళ్ళు తోముకుంటుంటే ఒకడు, పెళ్ళి పందిట్లో ఉంటే ఇంకొకత్తి. కొన్నాళ్ళు తరుణ్ పనిచేసేచోటికి చేశారు, ఎత్తలేదని అతని స్నేహితులకి చేశారు. ఆ తర్వాత పరాయిపిలుపుల నిషేధం వచ్చింది. బాకీ అడగడానికి ముక్కూమొహం తెలియనివాళ్ళు ఫోను చెయ్యకూడదు, గడప తొక్కకూడదు. ఆ రోజు తరుణ్ తన ఫోనుని దేవుడి గూట్లో పెట్టి దండం పెట్టాడు. అది ఇన్నాళ్ళకి మనిషైందన్నాడు.

అతను పోయాక బాకీ ఇంటి మీదికి వచ్చింది. లాయరు లాస్యకి ఒకే ఒక సంగతి చెప్పి పంపాడు. ఇంటివాళ్ళెవరూ ఒప్పుకోకపోతే ఈ నెలాఖరుతో బాకీకి కాలదోషం పడుతుంది. నోటితో ఒప్పుకుంటే మాత్రం అది మళ్ళీ పుట్టినట్టే, ఇల్లు పోయినట్టే. అందుచేత అయ్యో మా బాకీయే కదా అని పొరపాటున కూడా అనొద్దన్నాడు. ఇల్లంటే కడలిగోడకి మూడో వరసలో, నీళ్ళు ఎక్కనంత ఎత్తున, రెండు గదులు. తరుణ్ కట్టినవి. లాస్యకి వేరే చోటు లేదు.

తరుణ్ చెల్లెలు హాసిని సామర్లకోటలో పిల్లలకి ఈత నేర్పుతుంది. అన్న పోయినప్పటినుంచి శుక్రవారం సాయంత్రం బస్సెక్కి వచ్చేది. ఇద్దరూ కలిసి వండుకునేవాళ్ళు. అతని గురించి మాట్లాడుకోవడానికి లాస్యకి ఉన్నది ఆ ఒక్క మనిషే. నెలాఖరు దగ్గరపడేకొద్దీ హాసిని రోజూ రాసాగింది. వదిన ఒక్కతే ఉంటే మనసొప్పట్లేదంది. వచ్చినప్పుడల్లా మాట ఎటు తిరిగినా బాకీ దగ్గరికి చేరేది. అన్న ఎవరి సొమ్మూ ఉంచుకోలేదనీ, ఇది ఒక్కటీ ఆయన ఆత్మకి అడ్డం పడుతుందేమోననీ అనేది. ఆడపడుచు బెంగ అలా ఉందని లాస్య జాలిపడింది.

బుధవారం సాయంత్రం ఇద్దరూ కంచాల ముందు కూర్చున్నారు. ఈమధ్య హాసిని జుట్టు ముడి వేసుకోవడం మానేసి చెవుల మీదికి వదిలేస్తోంది. పులుసు వడ్డించుకుంటూ, అన్న కలలోకి వచ్చాడంది.

"ఏమన్నాడు?" అని లాస్య అడిగింది.

"ఏమీ అనలేదు వదినా. మెట్ల మీద కూర్చున్నాడు. ఎవరికో సమాధానం చెప్పుకోవాల్సినవాడిలాగ, తల దించుకుని."

లాస్య చెయ్యి కంచంలో ఆగిపోయింది. తరుణ్ ఎక్కడా తల దించుకునే మనిషి కాదు. పోయాక ఎక్కడో మెట్ల మీద అలా కూర్చున్నాడన్న ఊహని తట్టుకోలేకపోయింది. మన బాకీయే కదా, తీర్చేద్దాం అన్న మాట గొంతు దాకా వచ్చింది. ఏడుపు ముంచుకొచ్చి వెక్కిళ్ళు అడ్డం రాకపోతే అనేసేదే.

హాసిని ఒక్క క్షణం ఆగింది. తర్వాత మెత్తగా అంది.

"పెరుగన్నం కూడా తిను వదినా." చిన్న విరామం. "ఏదైనా చెయ్యి కడుక్కున్నాక చూద్దాం."

విరామం సరిగ్గా తను పెట్టినచోటే వచ్చింది. చెయ్యి కడుక్కోవడం తరుణ్ మాటే గాని, పెరుగన్నం తను చేర్చినది. లాస్య వెక్కిళ్ళు ఆగిపోయాయి. ఆమె తలెత్తింది.

"మీ అన్నయ్య పెరుగు తినేవాడా హాసినీ?"

"పెరుగా? వాసనే పడేది కాదు కదా. చిన్నప్పుడు అమ్మ మజ్జిగ చిలికితే చాలు, వీధిలోకి పరిగెత్తేవాడు. నన్నూ లాక్కుపోయేవాడు, నాకేమో పెరుగంటే ప్రాణం." హాసిని నవ్వింది. ఆ నవ్వుకి ముందు విరామం ఏమీ లేదు. "ఏం, ఎందుకడిగావు?"

"ఊరికే," అంది లాస్య. పెరుగన్నం కలుపుకుని తింది. చెయ్యి కడుక్కున్నాక, తల నొప్పిగా ఉందని చెప్పి వెళ్ళి పడుకుంది.

మర్నాడు పొద్దున్నే షిఫ్టు పెద్ద జశ్వంత్ గారి గదికి వెళ్ళింది. మన ఓదార్పులు ఎవరు కొంటున్నారని అడిగింది. ఏమన్నా తేడా వచ్చిందా అన్నాడాయన.

"నేను దిద్దినది మా ఆడపడుచు నోట విన్నానండి."

ఆయన లేచి తలుపు వేశాడు. ఈ ప్రశ్న ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు అడుగుతారని తెలిసినవాడిలా, దాచకుండా చెప్పుకొచ్చాడు. బాకీలు కొన్న సంస్థలే వాక్యశాలకి పెద్ద బేరం. మొండి బాకీదారుకి ఎవరి మీద గురి ఉందో ఆ మనిషిని వెతికి పట్టుకుంటారు. ఆ మనిషికీ ఎక్కడో ఒక అప్పు ఉండనే ఉంటుంది. నీ అప్పులో సగం కొట్టేస్తాం, చెవిపూస పెట్టుకుని వెళ్ళిరా అంటారు. వాళ్ళని ఆప్తులంటారు. ఎదుటివాళ్ళు ఒప్పుకున్న మాట ఆ పూసలోంచే నమోదవుతుంది.

"నిషేధం ఉంది కదండీ," అంది లాస్య.

"పరాయివాళ్ళని ఉందండి చట్టంలో. అయినవాళ్ళని లేదు." కాస్త ఆగి, "మా తోడల్లుడూ చేస్తున్నాడండి. ఎవరి దగ్గరో నేనడగను. అందుకే వాడొచ్చినప్పుడు క్రికెట్ తప్ప మాట్లాడను," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, ఓదార్పులు వదిలేసి పెళ్ళి మాటల వైపు వెళ్తారా అని అడిగాడు. లాస్య వద్దంది.

బల్ల దగ్గర కూర్చున్నాక ఆమెకి హాసిని మీద కోపం రాలేదు. కోపం వస్తే బాగుండుననిపించింది. వెనక్కి వెళ్ళి ఒక్కో శుక్రవారాన్నీ పట్టి చూసుకుంది. కూర తరుగుతూ అన్న పెళ్ళినాటి కబుర్లు చెప్పింది, అది ఎవరిది? జ్వరమొస్తే పక్కనే కూర్చుని నుదురు రాసింది, ఆ చెయ్యి ఎవరు పంపింది? పూస పెట్టుకోకముందు రోజులు కొన్ని ఉండాలి. అవి ఎన్నో, ఎక్కడితో ఆగాయో తెలియనప్పుడు ఏ రోజునీ తనదని ఉంచుకోవడానికి లేదు. ఇంత పనికీ మాటలు అందించింది తనే. తరుణ్ మాటతో సహా.

ఆ పూట మొదటి వాక్యం తెరమీదికి వచ్చింది. ఆనవాలు: ఒప్పుదల, దగ్గరి చుట్టం, భోజనవేళ, చివరి వారం. ఇన్నాళ్ళూ ఒప్పుదల అంటే పెళ్ళికి ఒప్పించడమనుకుంది. యంత్రం రాసిన మాటల్ని పూర్తిగా కొట్టేసింది. ఎవరి యాస గురించీ ఆలోచించకుండా రాసింది.

"నేను ఊరికే రాలేదు, వరసఖాళీ. నీ చేత బాకీ ఒప్పిస్తే నా అప్పు తగ్గిస్తామన్నారు. నువ్వు ఒప్పుకోకు."

యంత్రం ఎప్పటిలాగే ఆ వాక్యాన్ని తన కల్పిత శ్రోతలకి వినిపించి చూసింది. వాక్యం ఎవరికి లాభమో చూసే గది పైఅంతస్తులో ఉంటుంది. దిద్దకముందే అక్కడ చూస్తారు, దిద్దినవి మళ్ళీ అక్కడికి వెళ్ళవు. యంత్రం కొలిచేది ఒక్కటే, విన్నవాళ్ళు నమ్ముతారా అని. సూచి తొంభై దాటింది. ఇంకా పైకి వెళ్ళి అంచు దగ్గర ఆగింది. లాస్య పనిచేసినన్నాళ్ళలో సూచి అంచు తాకడం ఎవరూ చూడలేదు. అంత నమ్మిక ఉన్న మాటని ఆలస్యం చెయ్యకూడదని, మిగతా ఒప్పుదల వాక్యాలన్నిటినీ పక్కకి నెట్టి దీన్నే అన్ని పూసలకీ పంపాలని యంత్రానికి నియమం ఉంది. అది నియమం ప్రకారమే చేసింది.

మధ్యాహ్న భోజనాలవేళ, నడుస్తున్న సంభాషణల్ని చూపే తెరమీద గీతలు ఒకటొకటిగా ఆగసాగాయి. కొన్ని ఆగి, మళ్ళీ మొదలై, ఎంతకీ తెగలేదు. ఒప్పుదలలు మాత్రం ఒక్కటీ నమోదు కాలేదు. జశ్వంత్ గారు బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"మీరేనాండి?"

"నేనేనండి."

వెనక్కి తీసుకోవాలంటే పైవాళ్ళ సంతకాలు కావాలనీ, రేపటిగ్గాని అవవనీ ఆయన గోడకి చెబుతున్నట్టుగా చెప్పాడు. రేపటినుంచి ఆమె రావక్కర్లేదని కూడా చెప్పాల్సి వచ్చింది. వెళ్ళబోతూ, తోడల్లుడు ఇప్పుడే ఫోను చేశాడనీ, ఏడుస్తున్నాడనీ అన్నాడు. క్రికెట్ గురించి కాదన్నాడు.

సాయంత్రం హాసిని వచ్చింది. బెండకాయలు తెచ్చింది. ఎప్పటిలాగే కాళ్ళు కడుక్కుని వంటింట్లోకి వచ్చి అన్నం వార్చింది. ఇద్దరూ కూర్చున్నారు. లాస్య బాకీ మాట ఎత్తలేదు. తను పని పోగొట్టుకున్నానని కూడా చెప్పలేదు.

రెండు ముద్దలు తిన్నాక హాసిని నమలడం ఆపింది. కళ్ళు ఒక పక్కకి తిరిగి అక్కడే నిలిచిపోయాయి. లాస్య ఆ మొహాన్నే చూస్తోంది. హాసిని ఏమీ అనకుండా ఉండిపోవచ్చు, వేరే ఏదో మాట్లాడవచ్చు. పూస గుసగుసలాడుతుందే గాని నోరు తెరిపించలేదు. ఆ సంగతి లాస్యకి తెలుసు.

"నేను ఊరికే రాలేదు వదినా," అంది హాసిని. "నీ చేత బాకీ ఒప్పిస్తే నా అప్పు తగ్గిస్తామన్నారు. నువ్వు ఒప్పుకోకు."

అక్షరం తప్పలేదు. నిజం చెప్పింది. ఆ నిజాన్ని కూడా లాస్య రాసిన వాక్యంలోనే చెప్పింది. తనే చెప్పాలనుకుని చెప్పిందో, చెవిలో పడినదాన్ని అలవాటుగా పలికిందో ఆ మొహం చూసి తేల్చుకోవడం లాస్య వల్ల కాలేదు.

హాసిని ఎడంచేత్తో జుట్టు తప్పించి పూస బయటికి తీసింది. కంచం పక్కన నేల మీద పెట్టింది. ఏదో చెప్పబోయి నోరు తెరిచింది. మాట రాలేదు. కాసేపటికి కలిపిన అన్నం మళ్ళీ తినడం మొదలుపెట్టింది. లాస్య ఆమెకి కూర వడ్డించింది.

పూస ఎప్పటినుంచి అని లాస్య ఇంకా అడగలేదు. హాసిని ఇంకా చెప్పలేదు.