తలుపు వేసే చెయ్యి

బల్ల మీద భోజనం చల్లారిపోతోంది. ఫోను మాత్రం ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి తిరుగుతోంది. సముద్రం అవతల కంటెయినర్ తెరిచినవాళ్ళు పంపిన ఫొటోలవి. ద్రాక్షపళ్ళు సర్దినవి సర్దినట్టే ఉన్నాయి... కానీ ప్రతి గుత్తికీ బూడిదరంగు గడ్డం మొలిచింది! ఆ ఇంటి అన్నదమ్ములిద్దరూ పని ఒత్తిడిలో గడ్డం గీసుకోని రోజులు చాలానే ఉన్నాయి గానీ, ద్రాక్షకి గడ్డం రావడం మాత్రం ఇదే మొదటిసారి.

"మొత్తం పారబొయ్యాలట," అన్నాడు పెద్దకొడుకు. "ఇక మన సరుకు పంపొద్దన్నారు."

తమ్ముడు తలెత్తలేదు. "వదిన ఆలస్యం చెయ్యకుండా ఉంటే..." అని ఆపేశాడు. ఆపి ప్రయోజనమేముంది? మిగతా సగం మాట తనంతట తనే నడుచుకుంటూ వెళ్ళి పెద్దకోడలి కంచం ముందు కూర్చుంది.

అప్పుడు అత్తగారు చెయ్యి కడుక్కుని వచ్చి, కొంగుతో తుడుచుకుంటూ అడిగింది. "ఇంతకీ ఆ కంటెయినర్ తలుపు అంతసేపు తీసిపెట్టింది ఎవరే?"

పెద్దకోడలు తలెత్తి అత్తగారి కళ్ళలోకి చూసింది. అక్కడ నటన లేదు... భయం లేదు... అసలు జ్ఞాపకమే లేదు!

"నేనే అత్తయ్యా," అంది.

"బుద్ధుండక్కర్లేదూ? ఇన్నేళ్ళు నేర్పిందంతా గంగలో కలిపావే!"

నేర్పింది నిజమే. కోడలు కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు, అత్తగారే ప్యాకింగ్ షెడ్డులో నిలబెట్టి మరీ చెప్పింది. "ఓడెక్కే ఆ పెట్టె ఉంది చూశావూ, అది వేడి సరుకుని చల్లబరచలేదు. మనం చల్లగా అప్పగిస్తే చల్లగా దాస్తుంది, అంతే. అత్తిల్లు లాంటిదే అనుకో. నువ్వేం తెచ్చుకుంటే అదే ఉంటుంది, కొత్తగా ఏమీ దొరకదు!" ఆ మాటకి ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు. అప్పటినుంచి కోల్డ్ రూమ్ తాళంచెవి పెద్దకోడలి నడుముకే ఉంది. తోటనుంచి వెచ్చగా వచ్చిన ద్రాక్షని లోపలిదాకా చల్లబరిచి, కంటెయినర్‌కి అప్పగించే పని ఆమెది.

తలుపు వేసే పని మాత్రం అత్తగారిది. మామగారు మొట్టమొదటి కంటెయినర్ పంపిన రోజున ఆవిడే ఆ బరువైన తలుపుని తోసి మూసింది. సరుకు పువ్వులా చేరింది. 'మా ఆవిడ చెయ్యి మంచిది' అన్నాడాయన. ఆయన పోయినా ఆ మాట పోలేదు. ఆవిడ చెయ్యి పడందే ఆ షెడ్డులో ఏ కంటెయినర్ తలుపూ పడదు! ఆఖరి ద్రాక్షపెట్టె కంటెయినర్‌లోకి ఎక్కేసరికి పెద్దకోడలు ఆవిడని కారులో తీసుకురావాలి. అదీ పద్ధతి.

ఇప్పుడు చెడిన ఈ సరుకు ఎక్కించిన రోజూ పెద్దకోడలు అలాగే ఇంటికి వెళ్ళింది. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. అత్తగారు లేదు! పెరట్లో లేదు... పక్కింట్లో లేదు... వీధులన్నీ గాలిస్తుంటే మరిది ఫోను. "లోడింగ్ అయిపోయింది వదినా. అమ్మ ఏది?"

"నువ్వు తలుపు వేసెయ్యి బాబూ! ఎండ కొడుతుంది."

"అమ్మ లేకుండానా? అన్నయ్య పోర్టులో ఉన్నాడు, తర్వాత తెలిస్తే నన్ను నమిలి మింగేస్తాడు. త్వరగా రండి!"

బస్‌స్టాప్‌లో కనిపించింది అత్తగారు. చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా కూర్చుంది. "మీ మామగారు ఇప్పుడే వస్తానన్నారే... ఎంతకీ రారేం?" అంది. కోడలు ఆ పక్కనే కూలబడిపోయింది. కాసేపటికి ఆ ముసలికళ్ళలో మబ్బు విడిపోయింది. విడిపోయాక కనిపించింది చూడండి, అది మరీ భయంకరం. తనకేమవుతోందో తనకి తెలిసిపోవడం!

"నా కొడుకులకి చెప్పకే తల్లీ... తెలిస్తే నన్ను ఓ మూల కూర్చోబెడతారు. ఆ తలుపు వేసే చెయ్యి తప్ప నాకింకేం మిగిలిందే? నా మీద ఒట్టు!"

కోడలు ఒట్టు వేసింది. వాళ్ళు షెడ్డుకి చేరేసరికి ద్రాక్షకి చెమటపట్టింది. చల్లటి పండుకి వేడిగాలి తగిలితే పట్టే చెమట. ఆ చెమటతోనే తలుపు పడింది. ఇక అది ఓడలో ఎన్నాళ్ళు చల్లగా ఉంటే మాత్రమేం, లోపలున్న తడి బూజు పట్టించకుండా ఊరుకుంటుందా?

ఎందుకు ఆలస్యమైందని షెడ్డులో మరిది అడిగితే, దర్జీ దగ్గర ఆగానంది. నోటికొచ్చిన మొదటి అబద్ధమది. దాంతో 'జాకెట్టు కోసం కంటెయినర్ ముంచిన ఆవిడ' అన్న బిరుదు ఊరకే వచ్చింది. దర్జీ ఏ రోజూ చెప్పినవేళకి కుట్టివ్వడని, అక్కడ ఆగితే పొద్దుపోతుందని అందరికీ తెలుసు కాబట్టి ఎవరికీ అనుమానం కూడా రాలేదు. 'వేసెయ్యమని వదిన చెప్పింది' అన్న ముక్క మాత్రం మరిది గొంతులోనే ఇరుక్కుపోయింది. ఇక ఒట్టు వేయించుకున్న మనిషి... ఆ ఒట్టునే మరిచిపోయింది!

"తాళంచెవి ఇలా ఇయ్యి," అన్నాడు భర్త, భోజనాల బల్ల అవతలనుంచి. గొంతు పెంచలేదు. పెంచినా బావుండేది.

నడుము తేలికైపోయింది. ఇన్నేళ్ళుగా ఒరుసుకుని కాయకాచిన చోటుని తడుముకుంటూ, ఎంగిలి కంచాలు తీసింది.

*

తర్వాత ఇంకో కొనుగోలుదారు దయతలిచి ఒక్క కంటెయినర్ అడిగాడు. ఇది చెడితే షెడ్డు మూసుకోవడమే! సగం మంది పనివాళ్ళని అప్పటికే పంపేశారు. కోల్డ్ రూమ్ ఇప్పుడు మరిది చేతిలో ఉంది. పెద్దకోడలికి మిగిలిన పనల్లా అత్తగారిని తీసుకురావడం.

ఈసారి వేళకే తెచ్చింది. ఆఖరి పెట్టె లోపలికి వెళ్ళింది. "రా అమ్మా," అన్నాడు పెద్దకొడుకు.

అత్తగారు తలుపు దాకా వచ్చి, లోపలికి తొంగిచూసింది. "ఇదేం బస్సు! సీట్లే లేవు, అంతా సామానే ఎక్కించారు!"

పనివాళ్ళు నవ్వారు. అమ్మగారి వేళాకోళం వాళ్ళకి కొత్తకాదు. ఆవిడ మాత్రం నవ్వలేదు. పెద్దకొడుకు చెయ్యి పట్టుకుని, పరాయివాణ్ణి బతిమాలినట్టు బతిమాలింది. "డ్రైవర్ బాబూ... మా ఆయన ఇంకా రాలేదు. తలుపు వెయ్యకు నాయనా. ఆ రోజు కూడా బస్‌స్టాప్‌లో ఎంతసేపు కూర్చున్నాననుకున్నావ్! ఈ పిల్లే వచ్చి లాక్కుపోయింది..."

పెద్దకొడుకు తల్లినీ, ఆవిడ వేలెత్తి చూపిన తన భార్యనీ మార్చి మార్చి చూశాడు.

"ఆ రోజు తలుపు వేసెయ్యమనే వదిన చెప్పింది అన్నయ్యా," అని తమ్ముడు ఒక్కసారిగా బావురుమన్నాడు. "నేనే... నీకు భయపడి..."

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు భర్త.

"మీరు తాళంచెవి అడిగారు. ఏం జరిగిందని అడగలేదు." చెంపల మీద నీళ్ళు తుడుచుకుందామె. "ముందు ఆ తలుపు వెయ్యనివ్వండి. ఏడుపులు తర్వాత. ఎండ లోపలికి కొడుతోంది!"

అత్తగారి చెయ్యి తలుపు మీద పెట్టి, దానిపై తన చెయ్యి ఆనించింది. "మామయ్యగారు ముందు బస్సులో వెళ్ళారట అత్తయ్యా. మనం ఇది మూసేసి ఇంటికి పోదాం."

"వెళ్ళారా! నాతో ఒక్కమాట చెప్పొద్దూ?" అందావిడ కోపంగా. ఆ కోపంతోనే తోసింది. తలుపు పడింది.

తిరుగుదారిలో కారు తనే నడిపాడు పెద్దకొడుకు. తమ్ముడు తిరిగిచ్చిన తాళంచెవి భార్య ఒళ్ళోకి చేరింది. కానీ ఆమె దాన్ని నడుముకి దోపుకోలేదు. రేపటినుంచి అత్తగారిని వదిలి షెడ్డుకి వెళ్ళడం కుదరదని ఇద్దరికీ తెలుసు. దాన్ని నెమ్మదిగా తన చేతిసంచీలో వేసుకుంది.

వెనకసీట్లో ఆమె పక్కనే కూర్చున్న అత్తగారికి ఏదో గుర్తొచ్చింది. "ఇంతకీ... ఆ తలుపు అంతసేపు తీసిపెట్టింది ఎవరే?"

పెద్దకోడలు నోరు తెరిచేలోగా ముందునుంచి జవాబొచ్చింది. "నేనేనమ్మా."

"తప్పు కాదూ! నీకు చెప్పడానికి పెళ్ళాం లేదా?"

"ఉందమ్మా," అన్నాడతను, దారి కనపడక కళ్ళు తుడుచుకుంటూ. "నేనే అడగలేదు."