జవాబులు కలవని క్లాసు

"నిద్రలో పడిపోవుట వలన మీకు ఇబ్బంది కలుగుచున్నదా?"

తొమ్మిదో తరగతి ఆడపిల్లలు ఆ ప్రశ్న చదువుకుని ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. క్లాసు లీడరు సూర్యకాంతం చెయ్యెత్తి లేచింది.

"మేస్టారండీ, పోయిన వేసంకాలం నేను మంచం మీంచి పడ్డానండి. మోచెయ్యి కొట్టుకుపోయింది. అవును అని రాయమంటారా అండి?"

క్లాసంతా ఘొల్లుమంది. వెనక బెంచీ దగ్గర నిలబడ్డ ఇంగ్లీషు టీచరు సువర్ణ కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. బల్ల దగ్గరున్న యువకుడి చెవులు ఎర్రబడ్డాయి.

అతని పేరు యేసురత్నం. ఊరు కొత్తపేట. విశాఖపట్నంలో సైకాలజీ రీసెర్చి చేస్తున్నాడు. ఎదిగే వయసు పిల్లల నిద్ర గురించి ఇంగ్లీషులో తయారైన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. వాటిని తెలుగులోకి తెచ్చి, మన పిల్లల దగ్గర పనికొస్తాయో లేదో తేల్చడం అతని పని. అందుకే ఎనభై మూడో సంవత్సరం వానాకాలంలో, హెడ్మిస్ట్రెస్ గారి అనుమతితో, అమలాపురంలోని ఆ ఆడపిల్లల హైస్కూలుకి వచ్చాడు.

బెల్లు కొట్టాక వరండాలో సువర్ణను ఆపాడు.

"టీచరై ఉండి మీరు కూడా నవ్వొచ్చా అండీ?"

"నవ్వొచ్చే ప్రశ్న మీరు వెయ్యొచ్చా అండీ?"

"దాన్ని మా గైడు గారు కూడా చూసేరండి."

"చూసేరు సరే, చదివేరా అండి? ఇంగ్లీషులో 'ఫాల్ అస్లీప్' అని ఉండుంటుంది. పిల్లలకి నిద్ర పట్టాలి గానీ, మీరు వాళ్లని నిద్రలో పడేస్తే ఎలాగండీ?"

అతను చేతిలో కాయితం వంక చూసుకున్నాడు. తల గోక్కున్నాడు.

"ఇలాంటివి ఇంకా ఉన్నాయంటారా?"

"కూర్చుంటే తెలుస్తుందండి."

స్టాఫ్ రూములో కూర్చున్నారు. బయట కొబ్బరాకుల మీద వాన దరువేస్తోంది. "మీ పడకగదిలో దీపం ఆర్పి పడుకుంటారా?" అన్న ప్రశ్న దగ్గర సువర్ణ పెన్సిలు ఆగింది.

"పడకగది ఎవరికుందండీ? ఇంటిల్లిపాదీ వరసగా చాపలేసుకుని పడుకుంటారు. దీపం అంటారా, కరెంటు దానంతటదే పోతుంది."

ఈసారి అతను కూడా నవ్వాడు. నవ్వితే మనిషి బావున్నాడని సువర్ణకి అప్పుడే తెలిసింది. వెంటనే పెన్సిలు చెక్కుకోవలసిన పని గుర్తొచ్చింది.

తెలుగు కుదిరింది. ఇప్పుడు, ఇంగ్లీషు మూలం కంటితో చూడని మనిషి ఎవరైనా ఈ తెలుగుని తిరిగి ఇంగ్లీషు చెయ్యాలి. అది మూలంతో సరిపోతే తర్జుమా నిలబడినట్టు. సువర్ణ తండ్రి మత్తయి మాస్టారు రిటైరైన ఇంగ్లీషు మాస్టారే. ఆయన కళ్లజోడు తుడుచుకుని ఒక్క పూటలో పని పూర్తిచేశారు. చక్కగా సరిపోయింది. తల్లి జ్ఞానమ్మ పెసరట్లు వేసింది. యేసురత్నం ఇంకోటి వద్దంటూనే ఇంకోటి తిన్నాడు.

కొత్త కాయితాలు పిల్లలకి పంచుతూ అతను చెప్పాడు.

"ఇప్పుడోసారి రాయండి. రెండు వారాలు పోయాక మళ్లీ ఇవే ప్రశ్నలిస్తాను. నిద్ర అలవాట్లు అంతలో మారవు కాబట్టి జవాబులు కలవాలి. కలిస్తే నా పని అయినట్టే. ఇంక వచ్చి మిమ్మల్ని విసిగించను."

"కలవకపోతేనండీ?" అంది సూర్యకాంతం.

"మళ్లీ రావాలమ్మా."

ఆ రెండు వారాలూ రావలసిన అవసరం అతనికి లేదు. అయినా వస్తూనే ఉన్నాడు. ఓసారి గొడుగు మర్చిపోయాననీ, ఓసారి అక్షరదోషం ఉందనీ.

"'సాధారణంగా' అనాలా, 'మామూలుగా' అనాలా అని అడగడానికి కొత్తపేట నుంచి బస్సెక్కి వచ్చేరా?" అంది సువర్ణ.

"రీసెర్చండీ!"

"ఇందులో రీసెర్చెంత, రికామీతనమెంత?"

"సగం సగం అండి," అన్నాడతను నిజాయితీగా. సువర్ణ ఆ పూటంతా బోర్డు మీద స్పెల్లింగులు తప్పుగా రాసింది.

రెండోసారి రాయించుకున్న మర్నాడు మాత్రం అతను వాడిన మొహంతో వచ్చాడు.

"ఏవీ కలవలేదండి. పడుకోగానే నిద్ర పడుతుందన్న పిల్ల ఇప్పుడు అసలు పట్టదంటోంది. పగలు తూగుతానన్న పిల్ల తూగనే తూగదట. ఈ ప్రశ్నలు ఎందుకూ పనికిరావని గైడు గారు అంటారు. శనివారం వెళ్లి ఈ టాపిక్ వదిలేస్తానని చెప్పేస్తాను."

"తెలుగు దిద్దింది నేను కదండీ. అయితే తప్పు నాదన్నమాట."

కాదని అంటాడేమోనని చూసింది. అతను తలొంచుకుని కాయితాలు సర్దుకుంటున్నాడు. సువర్ణ గిరుక్కున తిరిగి క్లాసుకి వెళ్లిపోయింది.

శనివారం పొద్దున్న పాఠం మధ్యలో ఆపేసింది. పుస్తకం మూసేసింది.

"ఆ కాయితాల్లో నిజం రాసేరా అర్రా మీరు? పాపం, ఆయన చదువంతా పాడైపోతోంది."

సూర్యకాంతం కళ్లొత్తుకుంటూ లేచింది.

"పాడవుతుందని తెలీదండి టీచర్. రెండోసారి మేమే మార్చి రాసేమండి."

"ఎందుకే?"

"కలిసిపోతే మేస్టారు ఇంక రారు కదండీ."

"రాకపోతే మీకేవిటే?"

"మాకేం లేదండి. ఆయన వచ్చిన రోజు మీరు నవ్వుతానే ఉంటారండి. డిక్టేషన్లో మార్కులు కూడా కొయ్యరండి."

తిట్టాలి. సువర్ణ మాత్రం బోర్డు వైపు తిరిగి, ఏమీ రాయని బోర్డుని శుభ్రంగా తుడిచింది.

ప్రశ్నల్లో తప్పు లేదు. ఆ సంగతి అతను విశాఖ బస్సెక్కేలోగా చెప్పాలి. చెబితే ఎందుకలా రాశారని అడుగుతాడు. అడిగితే?

కొత్తపేట వాళ్లు విశాఖ బస్సెక్కేది రావులపాలెంలోనే కాబట్టి, ఒంటిపూట బడి వదలగానే అక్కడికి బస్సెక్కింది. దారంతా 'ఎలా చెప్పడం' అనే అనుకుంది. బస్సు దిగేసరికి వాన. లారీల్లోకి అరటిగెలలు ఎక్కిస్తున్న జట్టు వాళ్ల అరుపులు. ఓ బడ్డీకొట్టు చూరు కింద సంచీతో యేసురత్నం కనిపించాడు.

"మీరా! ఎలా వచ్చేరండీ?"

"బస్సులోనండి," అంది ఆయాసంగా. "మీ ప్రశ్నలు మంచివే. నా తెలుగూ మంచిదే. పిల్లలు కావాలని మార్చి రాసేరు."

"కావాలనా? ఎందుకండీ?"

"జవాబులు కలిస్తే మీరింక రారని."

"నేను రాకపోతే వాళ్లకేం?"

"నేనూ అదే అడిగేనండి."

"ఏమన్నారు?"

సువర్ణ అరటిగెలల వైపు చూస్తూ చెప్పింది. "మీరు వచ్చిన రోజున వాళ్ల టీచరు నవ్వుతుందట."

విశాఖపట్నం బస్సొచ్చింది. కండక్టరు కేకేశాడు. యేసురత్నం కదల్లేదు.

"ఆ రోజు తప్పు మీది కాదని వెంటనే అనాల్సిందండి. అనలేకపోయేను. క్షమించండి," అన్నాడు. తర్వాత మెల్లిగా అడిగాడు. "పిల్లలు కాయితం మీద అబద్ధం రాసేరు కదా. మీ గురించి చెప్పిందైనా నిజమేనా అండీ?"

వాన చప్పుడులో కూడా అతనికి వినిపించేలా చెప్పింది.

"ఆయ్, నిజమేనండి."

బస్సు వెళ్లిపోయింది. ఇద్దరూ దాన్ని చూసి కూడా చూడలేదు.

కొత్తపేట మగపిల్లల స్కూల్లో యేసురత్నం మళ్లీ మొదలుపెట్టాడు. వాళ్లకి ఏ టీచరు మీదా బెంగ లేదు కాబట్టి, రెండుసార్లూ ఒకేలా రాశారు. గైడు గారు భుజం తట్టారు.

ఆ ఆదివారం చర్చి వదిలాక, తల్లిని వెంటబెట్టుకుని అతను మత్తయి మాస్టారింటికి వచ్చాడు. మాస్టారు కుర్చీలు వేయించి, సంగతంతా విని, కళ్లజోడు పైనుంచి చూశారు.

"చాలా సంతోషం బాబూ. పనైపోయింది కదా, ఇంక అమలాపురం రావలసిన కారణమేం లేదన్నమాట."

"అదేనండీ కష్టం," అన్నాడు యేసురత్నం చేతులు నలుపుకుంటూ. "ఒక కారణం ఏదైనా మీరిప్పిస్తారేమోనని మా అమ్మని తీసుకొచ్చేనండి."

మాస్టారు భార్య వైపు చూశారు. జ్ఞానమ్మ నవ్వుతూ, కాబోయే వియ్యపురాలి చేతికి మంచినీళ్ల గ్లాసు అందించింది.

"కూర్చోండి వదినగారూ. కారణం లోపల చీర మార్చుకుంటోంది."