పోతుకణితికి బయ్యన్న సవాలు

రాతి మీద చెక్కిన కొమ్ముల గుర్తు కనబడగానే రాఘవులు ఎగిరి గంతేశాడు. తాతల నాటి నుంచి ఇంట్లో చెప్పుకుంటున్న గుర్తు అదే! దాని కింద లోయ, లోయ అడుగున గుహ, గుహలో పాలెగాళ్ళు దాచిన బంగారం. వెంట వచ్చింది ఇద్దరే. నల్లమలలో వేటకు పేరుమోసిన చెంచు బయ్యన్న, అతని అల్లుడు సుంకన్న.

సుంకన్న తాడు పట్టుకుని దిగి గుహలో దూరాడు. "బిందె దొరికింది సామీ!" అని కేక పెట్టాడు. అతను పైకి ఎక్కుతుండగా తాడు రాతి అంచుకు ఒరుసుకుని పుటుక్కున తెగింది. కింద పడ్డ సుంకన్న భుజం చీలి రక్తం కారసాగింది. నాలుగు వైపులా గోడలా నిలువు కొండ. ఇంకో తాడు తేవాలంటే గూడేనికి పోయి రావాలి. అంతదాకా అతను బతకడు.

"మామా! ఈడ పోతుకణితి అడుగులున్నాయి. పచ్చివే!" అని సుంకన్న కిందనుంచి అరిచాడు.

ఆ పెద్ద మగ దుప్పి మాట వినగానే బయ్యన్న కళ్ళు మెరిశాయి. "దానికి రెక్కల్లేవు గదా! దోవ ఉంటది. ఇది అవి జతకట్టే కాలం, ఇంకో పోతు గొంతు వింటే ఊరుకోదు. నేను పిలుస్తా. అది కదిల్తే ఎంటబడు అల్లుడా!"

కణితి కొమ్ములు రుద్దినట్టు ఎండుకొమ్మతో చెట్టు మానును బరబరా గీకాడు. దోసిలి నోటికి అడ్డం పెట్టి దానిలాగే గట్టిగా అరిచాడు. ఆహా, ఏం గొంతు! పక్కనే ఉన్న రాఘవులే ఉలిక్కిపడి వెనక్కి చూశాడు. మరుక్షణం లోయలోంచి బదులు వచ్చింది. తీగల వెనక రాళ్ళు దొర్లాయి.

"బిందె వదలకు!" అని రాఘవులు అరవబోయాడు. బయ్యన్న అతని నోరు నొక్కేశాడు. మనిషి మాట వినబడితే కణితి వెనుదిరుగుతుంది. ఇరుకు దోవలో సుంకన్నను తొక్కేస్తుంది.

పొదలు చీల్చుకుని కణితి బయటికొచ్చింది. ఎంతెంత కొమ్ములు! రాఘవులు భుజానున్న తుపాకి ఎత్తాడు. దాని వెనకే దోవలో సుంకన్న ఉన్నాడు, బయ్యన్న నోరు విప్పి వద్దనలేడు. కణితిలా అరుస్తూనే వచ్చి తుపాకి గొట్టానికి వీపు ఆనించి, కొమ్ములకు ఎదురుగా నిలబడ్డాడు. అంత గుండె ఎవరికుంటుంది! కణితి బుసకొట్టింది. ఎదురుగా మనిషిని చూసి బిత్తరపోయి పక్కకు దూకి అడవిలో పడింది.

దాని వెనకే సుంకన్న పాక్కుంటూ వచ్చాడు, ఉత్త చేతులతో. బాగున్న ఒక్క చెయ్యి ఎక్కడానికే సరిపోయింది.

బయ్యన్న తలగుడ్డ చింపి అల్లుడి భుజానికి కట్టు కట్టాడు.

"దోవ తెలిసిందిగా. రేపు దిగుదాం" అన్నాడు రాఘవులు.

"పిలిచి చంపకుండా పంపిన జంతువు తావుకు మేం మళ్ళా పోం సామీ. అది మా ఆచారం."

"అయితే నేనొక్కణ్ణే పోతా."

"పో సామీ." బయ్యన్న కట్టు బిగించాడు. "ఆడ చిక్కుకుంటే కేకెయ్యి. నీ పానం కోసమైతే ఆచారం తప్పి మళ్ళా అరుస్తా."

రాఘవులు ఇక లోయ వైపు చూడలేదు. తుపాకి భుజాన వేసుకుని, సుంకన్నకు రెండో పక్క ఆసరా పట్టి గూడెం దారి పట్టాడు.