మిల్లు ఎదురిల్లు

తెల్లవారి బయ్యమ్మ గేటు ముందర నీళ్ళు చల్లి ముగ్గు పెడుతోంది. నేను పెడతానత్తా అని కోడలు యమున ఎన్నిసార్లు చెప్పినా వినదు. నడుము వంగినా, చుక్కలు అటూ ఇటూ పోయినా, ఈ పని మాత్రం ఇంకొకరికి వదలదు.

రోజూ ఈ వేళకు మేడ మీది నుంచి ఒక గొంతు వినబడేది.

"అక్కా, ఆ కుడిపక్క వంకర పోయిండాది సూడు."

మేడ మీద బాడుగకుండే ఫాతిమున్నీసా గొంతు అది. పిట్టగోడకు మోచేతులు ఆనించి, టీ గ్లాసు పట్టుకుని చూస్తూ ఉంటుంది.

"పైనుంచి సూస్తే అన్నీ వంకరే కనపడతాయి. అంత ఇదిగా ఉంటే దిగొచ్చి నువ్వే పెట్టు" అని బయ్యమ్మ జవాబిచ్చేది. నాలుగేండ్లుగా ఇద్దరికీ ఈ పోట్లాటతోనే పొద్దు మొదలవుతుంది.

ఆ రోజు పైనుంచి ఏ మాటా రాలేదు. ఆస్పత్రి నుంచి నిన్న సాయంకాలమే వచ్చింది, నిద్ర పట్టిందేమోలే అనుకుంది బయ్యమ్మ. ముగ్గు ముగించి చేతులు దులుపుకుంటుంటే కొడుకు గణేష్ బయటికి వచ్చాడు. టమోటా మండీ నడిపే మనిషి, ఈ వేళకు ఇంట్లో ఉండడు. ఈ రోజు మండీ గుమాస్తాకు వదిలేశాడు.

"అమ్మా, పదకొండుకు మున్సిపాలిటీ ఆఫీసుకు పోవాల. నువ్వు గూడా రావాల."

"నేనేం చేయాలరా ఆడికొచ్చి?"

గణేష్ ఎదురుగా చెయ్యి చూపించాడు. రోడ్డుకు అవతల మూతపడిన చెనక్కాయల మిల్లు, ఒకప్పుడు వేరుశెనగ కాయలు ఒలిచేది. రేకులు లేచిపోయాయి, కంపచెట్లు గోడ దాటి రోడ్డు మీదికి వచ్చాయి. మదనపల్లెలో ఇంత స్థలం ఇన్నాళ్ళు ఖాళీగా ఉండడమే ఆశ్చర్యం. ఇప్పుడు ఆ మిల్లు స్థలాన్ని ఇండ్ల స్థలంగా మార్చి, అక్కడ పది అంతస్తులు కట్టి, అన్నీ బాడుగకే ఇవ్వాలని మున్సిపాలిటీ వాళ్ళు అనుకుంటున్నారు. నర్సులు, టీచర్లు, మార్కెట్టు పనివాళ్ళు, ఎవరైనా ఉండొచ్చు. దానికి ముందు వీధిలో వాళ్ళను పిలిచి, మీకేమైనా అభ్యంతరమా అని అడుగుతున్నారు.

"పది అంతస్తులంట! పొద్దుటి ఎండ మన మిద్దె మీద పడదు. మన బోరు ఇప్పటికే గస పెడతాండాది. అంతమంది వచ్చి బోర్లేసుకుంటే మనకు మిగిలేది గాలే."

"నీళ్ళ మాట నిజమే."

"దానికి తోడు బాడుగోళ్ళు. ఈ పొద్దు ఒకడు, రేపు ఇంకొకడు. ఎవురు యాడోళ్ళో మనకేం తెలుస్తాది?"

"మరి మేడ మీదుండేది ఎవురురా?"

"వాళ్ళు వేరే. మనం సూసి పెట్టుకున్నాం."

"మనల్ని గూడా ఒకప్పుడు ఎవురో సూసే పెట్టుకున్నార్లే."

గణేష్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. "ఇల్లు నీ పేరు మీదుండాది. నువ్వొచ్చి వద్దు అని ఒక్క మాట చెప్తే సాలు. తయారుగా ఉండు" అని లోపలికి వెళ్ళిపోయాడు.

బయ్యమ్మ రాగి అంబలి కాచి, మజ్జిగ కలిపి, గ్లాసులో పోసుకుని మేడ ఎక్కింది. గడప దగ్గరే ఆగిపోయింది. గదిలో గిన్నెలు గోనెసంచిలో ఉన్నాయి. బజారులో టైలరు పని చేసే జాహిద్ దుప్పటి పరిచి బట్టలు మూట కడుతున్నాడు. అతని తల్లి ఫాతిమున్నీసా మంచం మీద గోడకానుకుని కూర్చుంది. చెప్పులు కూడా వేసుకుని ఉంది.

"ఏందిరా ఇది?"

"పుంగనూరికి పోతాండాం పెద్దమ్మా. మా అమ్మ చెల్లెలింటికి."

"డాక్టరు ఏమన్నాడు?"

ఫాతిమున్నీసా నవ్వింది. "గుండె అలిసిపోయిండాదంట అక్కా. ఇంక ఆస్పత్రి ఎందుకు, ఇంట్లోనే ఉండు, తినాలనుకునింది తిను అన్నాడు. అంత బాగా మాట్లాడినాడంటే నాకు అర్థం కాలేదా?"

"ఇంట్లో ఉండమంటే ఇల్లిడిసి పోతాండావే!"

"మా ఇల్లు కాదు గదక్కా."

ఆ మాట బయ్యమ్మకు చురుక్కుమంది. "నాలుగేండ్లు అక్కా అక్కా అని, ఈ పొద్దు ఇట్లంటావా? ఎవురేమన్నారు నిన్ను?"

తల్లీకొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. జాహిద్ మూట ముడి మళ్ళీ విప్పి మళ్ళీ వేశాడు.

"చెప్పురా."

"ఎవురూ ఏమీ అనలేదు పెద్దమ్మా. ఇల్లు ఇచ్చేటప్పుడే గణేషన్న చెప్పినాడు. గోడలకు మేకులు కొట్టొద్దు, తొమ్మిదికి గేటు ఏస్తాం, ఇంట్లో ఎవురికన్నా రోగం జాస్తి అయితే ముందే యాడికన్నా తీసకపోవాల, ఏమన్నా అయితే ఈడికి తీసుకురావద్దు అని. తప్పుగా అనుకోవద్దప్పా, ఊర్లో అందరూ ఇంతే అన్నాడు. మేమూ సరే అన్నాం. అన్న మీద నాకేం లేదు."



"ఆయనొచ్చి అడిగేదాకా ఉండేది ఏం మర్యాదక్కా?" అంది ఫాతిమున్నీసా. "మాలో పానం పోయినాక స్నానం చేయించాల. ఆడమనిషి గదా, ఇంత మరుగుండాల. రోడ్డు మీద ఎట్ల చేస్తారు? మా చెల్లెలింటి ఎనకాల కొంచెం చోటుండాది."

కింద ఆటో హారన్ మోగింది. జాహిద్ తల్లిని రెండు చేతుల్లో ఎత్తుకుని మెట్లు దిగాడు. ఆటోలో కూర్చున్నాక ఫాతిమున్నీసా తల బయటికి పెట్టి ముగ్గు వైపు చూసింది. "కుడిపక్క వంకరే అక్కా" అంది. ఆటో కదిలిపోయింది. అంబలి గ్లాసు బయ్యమ్మ చేతిలో అట్లనే ఉండిపోయింది.

గణేష్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చేసరికి తల్లి వాకిట్లో అరుగు మీద కూర్చుని ఉంది.

"ఇంకా తయారు కాలేదా? టైమైతాండాది."

"ఫాతిమమ్మ పోయింది."

గణేష్ ఉలిక్కిపడ్డాడు. "ఎప్పుడు? పైననేనా?"

"భయపడొద్దులే. పానంతోనే, పుంగనూరికి చెల్లెలింటికి పోయింది. నువ్వు పెట్టిన షరతు తప్పకుండా పోయింది."

గణేష్‌కు అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. అర్థమయ్యాక గొంతు పెంచాడు.

"నేనేం లేని మాట చెప్పినానా? ఊరంతా అదే చెప్తారు. ఇంట్లో పీనుగను పెట్టినారంటే రేపు ఆ మేడకు ఎవురొస్తారు?"

"మీ నాయన్ను యాడ పండబెట్టినామో గుర్తుండాదా?"

"అమ్మా, ఇప్పుడా మాట యాల?"

"ఇప్పుడే. చెప్పు, యాడ?"

గణేష్ కళ్ళు రోడ్డు అవతలి మిల్లు మీదికి పోయాయి. అతని చిన్నప్పుడు, వానల్లేక బైరెడ్డిపల్లె నుంచి వచ్చి, తండ్రి మునిస్వామి మార్కెట్టులో మూటలు మోసేవాడు. ఇదే వీధి చివర ఒక ఇంటి వెనక ఒక్క గది బాడుగకు తీసుకున్నారు. విషజ్వరం వచ్చి ఆస్పత్రిలో ప్రాణం పోయింది. శవాన్ని తెచ్చేసరికి ఇంటాయన గేటు మూసి అడ్డంగా నిలబడ్డాడు. తప్పుగా అనుకోవద్దమ్మా, ఊర్లో అందరూ ఇంతే అన్నాడు. వాన పడుతోంది. శవాన్ని రోడ్డు మీద పెట్టుకుని బయ్యమ్మ అరుస్తుంటే, మిల్లు వాచ్‌మన్ గంగప్ప పరుగెత్తి వచ్చి మిల్లు గేటు తీశాడు. చెనక్కాయల షెడ్డులో గోనెసంచులు పరిచి మునిస్వామిని పండబెట్టారు. చుట్టాలు వచ్చేదాకా గణేష్ బడి చొక్కాతోనే పక్కన కూర్చుని, తండ్రి మొహం మీద వాలే ఈగలను తోలుతూనే ఉన్నాడు.

"ఆ పొద్దే గదమ్మా నేను ఒట్టు పెట్టుకునింది!" గణేష్ అరిచాడు. "సొంతిల్లు కట్టాల, మా అమ్మకు ఆ గతి పట్టకూడదు అని! కడితి గదా! ఆ మిల్లు ఎదురుగానే కడితి గదా!"

"కట్టినావు నాయనా. కాదనను. కట్టి, ఆ గేటు కాడ నువ్వే నిలబడినావు."

యమున వంటింట్లో నుంచి వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది.

"అత్తా, ఆయన్నొక్కన్నే అంటే ఎట్ల? ఆ మాట చెప్పేటప్పుడు నేనూ పక్కనే ఉంటి. నీళ్ళ మోటరు గురించి చెప్పినట్ల చెప్పినాం. నాకూ ఏమీ అనిపించలే." ఆమె కళ్ళు తుడుచుకుంది. "పోయిన నెల నాకు జ్వరమొస్తే పిల్లోళ్ళకు అన్నం పెట్టింది ఆమే."

గణేష్ బండి తాళాలు తీసుకున్నాడు. "వస్తావా, రావా?" అన్నాడు తల్లి వైపు చూడకుండా.

"వస్తా. నేనేం మాట్లాడతానో నాకే తెలీదు. ఇష్టముంటే తీసకపో."

మున్సిపాలిటీ ఆఫీసు హాలులో వీధి వాళ్ళంతా వచ్చారు. గోడ మీద పది అంతస్తుల బొమ్మ వేలాడుతోంది. బొమ్మలో మనుషులు కూడా ఉన్నారు, అందరూ నవ్వుతున్నారు. మెడికల్ షాపు సాయిప్రసాద్ ముందు లేచి, "మేడమ్, బాడుగకుండేవాళ్ళకు వీధి మీద మమకారం ఉండదు. చెత్త యాడంటే ఆడ ఏస్తారు. మా వీధి గౌరవం పోతాది" అన్నాడు. చాలామంది చప్పట్లు కొట్టారు. బయ్యమ్మ వెనక బెంచీలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

ఆఫీసరమ్మ గణేష్‌ను పిలిచింది. అతను లేచాడు.

"మేడమ్, మా బోర్లు ఎండిపోతాండాయి. వాళ్ళకు నీళ్ళు యాడినుంచి తెస్తారో ముందు చెప్పాల. బోర్లు మాత్రం ఏయకూడదు. మా వైపు కొంచెం స్థలం వదిలి కట్టాల, ఎండ రావాల."

"సరే, రాసుకుంటున్నాం. ఇంకేమైనా ఉందా?"

గణేష్ చొక్కా గుండీ పట్టుకుని నిలబడ్డాడు. కూర్చుంటాడేమో అనుకున్నారు అందరూ.

"ఆ పది అంతస్తుల్లో ఎవురన్నా సచ్చిపోతే పీనుగను యాడ పెడతారు?"

ఎవరో కిసుక్కున నవ్వారు. "శుభమా అని ఇల్లు కడతాంటే ఈ మాటేంది గణేషప్పా!" అన్నాడు సాయిప్రసాద్.

"ఇండ్లల్లో మనుషులుంటే సావులుండవా?" గణేష్ అతని వైపు తిరిగాడు. "మా నాయన బాడుగింట్లో ఉండి సచ్చిపోయినాడు. ఇంటాయన గేటు తీయలేదు. మీరు బొమ్మ గీసినారే, ఆ మిల్లులోనే, చెనక్కాయ సంచుల మీద పండబెట్టినాం. ఈగలు తోలింది నేనే."

సాయిప్రసాద్ కూర్చున్నాడు.

"అంత జరిగిన నేను, నా మేడ మీదుండే వాళ్ళకు అదే మాట చెప్పినా. ఈ పొద్దు ఆ తల్లి సావడానికి ఇంకో ఊరు ఎతుక్కుంటా పోయింది." అతను చేత్తో మొహం తుడుచుకున్నాడు. "కింద ఒక గది పెట్టండి మేడమ్. నీళ్ళ కుళాయి, ఇంత మరుగు. ఏ కులమోళ్ళైనా, ఏ మతమోళ్ళైనా ఆ పొద్దుకు దాంట్లో పెట్టుకుంటారు. లిఫ్టు గూడా మనిషి పడుకునేంత ఉండాల. నీళ్ళు, ఈ గది, ఈ రెండూ రాసిస్తే మా ఇంటి నుంచి అభ్యంతరం లేదు."

ఆఫీసరమ్మ గోడ మీది బొమ్మ వైపు తిరిగి చూసింది. "ప్లానులో ఆ గది లేదు" అంది. పెన్ను తీసి, "పెట్టమని రాస్తాను" అంది. చప్పట్లు ఎవరూ కొట్టలేదు. వెనక బెంచీలో బయ్యమ్మ మాత్రం కొంగులో మొహం దాచుకుంది.

మెట్లు దిగుతూ గణేష్, "అమ్మా, ఇంటికా, పుంగనూరికా?" అని అడిగాడు.

"అడగాల్నా? పోనీ బండి."

పుంగనూరులో ఆ చెల్లెలి ఇల్లు ఇరుకు సందులో ఉంది. ఫాతిమున్నీసా వసారాలో పడుకుని ఉంది. గణేష్ మంచం పక్కన కింద కూర్చున్నాడు.

"చిన్నమ్మా, ఇంటికి పోదాం రా."

"యాల నాయనా, నేను బాగనే ఉండా ఈడ."

"నేను చెప్పిన మాట తప్పు. మేడ వద్దు, మెట్లెక్కలేవు. కింద ముందర గది ఖాళీ చేస్తాండాది యమున. ఎన్నాళ్ళైనా ఉండు. ఆడనే..." ఆమె పాదాల మీద చెయ్యి వేశాడు.

"పిచ్చోడా" అంది ఫాతిమున్నీసా. బయ్యమ్మ వైపు తిరిగింది. "ఏమక్కా, సావడానికి రమ్మని పిలిచేవాళ్ళను యాడన్నా సూసినావా?"

"సావడానికి ఎవురు పిలిచినారు నిన్ను? నా ముగ్గుకు వంకర పెట్టేదానికి మనిషి లేదు, రా."

ముగ్గురూ ఒక్కసారే నవ్వి, ముగ్గురూ ఒక్కసారే ఏడ్చారు. జాహిద్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

తిరిగొచ్చాక ముందర గది కిటికీలోంచి ఆమెకు ముగ్గు దగ్గరగా కనబడేది. దగ్గర నుంచి చూసినా వంకరే అని ఫాతిమున్నీసా ఆ ఎండాకాలమంతా చెప్పింది. మామిడికాయల కాలం దాటినాక ఒక శుక్రవారం పొద్దున, టీ సగం తాగి, పడుకుంటానని చెప్పి పడుకుంది. మళ్ళీ లేవలేదు.

గణేష్ వెళ్ళి గేటు రెండు రెక్కలూ తీశాడు. రెండో రెక్క ఎప్పుడూ తీసేది కాదు, గడియ తుప్పు పట్టి ఉంది. రాయి తీసుకుని కొట్టి తీశాడు. పెరట్లో బయ్యమ్మ, యమున తమ చీరలు నాలుగు వైపులా కట్టి మరుగు చేశారు. ఆ మరుగులో ఫాతిమున్నీసా చెల్లెలు, చుట్టాల ఆడవాళ్ళు ఆమెకు స్నానం చేయించారు. వీధి వాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. సాయిప్రసాద్ కూడా వచ్చి, కాసేపు గేటు బయట నిలబడి, తర్వాత లోపలికి వచ్చాడు. మేడ మీది గది జాహిద్‌దే అని గణేష్ ఆ రోజే చెప్పాడు.

రెండు రోజులు బయ్యమ్మ ముగ్గు పెట్టలేదు. మూడో రోజు పొద్దున నీళ్ళు చల్లి కూర్చుంది. ఎదురుగా మిల్లు గోడ పక్కన కంపచెట్లు కొట్టేసి, ఎవరో టేపు పట్టుకుని కొలుస్తున్నారు. చుక్కలు పెట్టి, గీతలు కలిపి, అలవాటుగా తల ఎత్తి పైకి చూసింది. పిట్టగోడ ఖాళీగా ఉంది. కిటికీ వైపు చూసింది. పిండి డబ్బా కింద పెట్టి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఆమె వెనక, గేటు దగ్గర, గణేష్ బండి బయటికి తీస్తూ ఆగాడు. ఇన్నేండ్లలో అతను ఒక్కరోజూ ఆ ముగ్గు వైపు చూసిన మనిషి కాదు.

"అమ్మా" అన్నాడు. "కుడిపక్క వంకర పోయిండాది సూడు."